మెట్టసీమ మొక్కల కులగోత్రములు

కడప నుండి రాయచోటికి పోవు బాట గువ్వలచెరువు కనుమలో పాలకొండలను దాటును. ప్రయాణికులలో పెక్కుమందికి ఆ కనుమ అచటి పాలకోవా వలననే జ్ఞప్తియందుండును. కాని కిటికీ ప్రక్కన కూర్చున్న పిల్లవానికి మొక్కలను గుర్తించు చూపు అలవడియున్నచో, ఆ కొలది దూరములోనే మూడు వేర్వేరు ప్రపంచములు కానవచ్చును. మొదటిది కొండ. అచట రాతిపలకల నడుమ వేళ్లు దూర్చి నిలిచిన ఎర్రచందనము, చిరుమాను మొదలగు వృక్షములున్నవి. రెండవది చేను. అచట వేరుశనగ, కంది, మామిడి, చింత ఉన్నవి. మూడవది బాటకును చేనికిని నడుమ, చెరువు గర్భములోను, వాగు ఒడ్డునను, బీడు భూములలోను ఎవరి అనుమతియు లేక అల్లుకొనిన ముళ్లకంప.

ఈ మూడింటిలో మొదటిదానిని మానవుడు నాటలేదు. రెండవదానిని నాటి, కన్నబిడ్డవలె సాకుచున్నాడు. మూడవదానిని ఒకప్పుడు కోరి తెప్పించి నాటెను. నేడు వదలించుకొనలేక వగచుచున్నాడు.

మొక్కల వర్గీకరణమనగానే విద్యార్థికి పాఠ్యగ్రంథములోని పట్టిక స్ఫురించును. పుష్పించునవి, పుష్పింపనివి, ఏకదళబీజములు, ద్విదళబీజములు, చెట్టు, పొద, గుల్మము, తీగ. ఈ పట్టికను కంఠస్థము చేసి పరీక్షలో మంచి గుణములు తెచ్చుకొనిన బాలుడే చేనిగట్టున నిలిచినపుడు కాలిక్రింది మొక్క పేరు చెప్పలేక తడబడుట ఉపాధ్యాయులు ఎరుగని విషయము కాదు. ఆ బాలుని అవ్వకు అక్షరము రాదు. కాని ఏ ఆకు పశువుకు మేత, ఏ ఆకు విషము, ఏ గింజ ఏ నేలలో నిలుచును, ఏది నిలువదు అను విభాగములన్నియు ఆమెకు తెలియును. వర్గీకరణము పరీక్షకొరకు పుట్టినది కాదు. రాయచోటి వంటి సీమలో, ఏ మొక్క ఏ తెగకు చెందునో పొరపడిన రైతునకు ఒక సంవత్సరపు కూడు నష్టమగును.

పూర్వుల విభాగము

మొక్కలను తెగలుగా విభజించుట మనకు క్రొత్త విద్య కాదు. చరకసంహిత ఉద్భిజ్జములను నాలుగు విధములుగా చెప్పినది. పూవు కంటికి కానరాకయే ఫలించు మర్రి, మేడి వంటివి వనస్పతులు. పూచి కాయు మామిడి వంటివి వానస్పత్యములు. ఫలించిన పిదప ఎండిపోవునవి ఓషధులు. అల్లుకొని ప్రాకునవి వీరుధములు. మేడికి నిజముగా పూవులు లేకపోలేదు; కాయవలె కనిపించు దాని గర్భములోనే వందలకొలది సూక్ష్మపుష్పములు దాగియుండునని నేటి శాస్త్రము నిరూపించినది. అయినను కంటికి కనబడినదానిని బట్టి విభాగించిన ఆ ప్రాచీనుల పద్ధతి నిశితమైనదే. ఓషధి అనగా నేడు మందుమొక్క అను అర్థము స్థిరపడినది గాని, ఆ నిర్వచనము ప్రకారము వరి, కొర్ర, జొన్న, వేరుశనగ అన్నియు ఓషధులే. అమరకోశమునందలి వనౌషధివర్గము, వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయము ఈ పరంపరలోనివే.

పాశ్చాత్యులలో క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దినాటి థియోఫ్రాస్టస్ అను గ్రీకు పండితుడు మొక్కలను చెట్లు, పొదలు, చిరుపొదలు, గుల్మములు అని విభజించెను. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథముతో ప్రతి మొక్కకును రెండు మాటల పేరు స్థిరపడినది. ఈ పద్ధతి తెలుగు విద్యార్థికి సులభముగా బోధపడవలెను. ఏలయన మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత. లిన్నేయస్ పద్ధతియు అంతియే. ఎర్రచందనమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టెరోకార్పస్ శాంటలినస్. మొదటిది ఇంటిపేరు, రెండవది సొంతపేరు. కొండలలోనే పెరుగు వేగిస పేరు టెరోకార్పస్ మార్సూపియం. ఇద్దరిదియు ఒకే ఇల్లు. కాయను చూచినచో ఆ బంధుత్వము వెంటనే తెలియును: రెండింటికిని గుండ్రని బిళ్లచుట్టు పలుచని రెక్క ఉండును, గాలికి ఎగిరిపోవుటకు అది సాధనము. అన్నదమ్ములలో ఎవరు ఎవరో గుర్తించుటకు ఆకును చూడవలెను. ఎర్రచందనము ఈనెకు సాధారణముగా మూడు రెబ్బలుండును. వేగిసకు ఐదు మొదలు ఏడు వరకు ఉండును. బెరడు గీసి చూడనక్కరలేకుండ, గొడ్డలి పట్టనక్కరలేకుండ చెట్టును గుర్తించు విద్య ఇది.

ఈ నామకరణ మహోత్సవములో తెలుగుభాషకు గల భాగమును మన విద్యార్థులు తెలిసికొనదగును. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రములతో వర్ణించుచు 1795 నుండి బృహద్గ్రంథమును వెలువరించెను. ప్రతి మొక్కకును స్థానికులు పెట్టుకొనిన తెలుగు పేరును అతడు శ్రద్ధతో విచారించి వ్రాసికొనెడివాడు. వాటిలో కొన్ని లాటిను వేషము ధరించి ప్రపంచమునకెల్ల పరిచయమైనవి. సోమిద చెట్టు పేరు సోయ్‌మిడా అయినది. పాలకొండ, శేషాచల పర్వతములలో పెరుగు జాలారి చెట్టునకు షోరియా తంబుగ్గాయియా అను పేరు వచ్చుటకు దాని తెలుగు పేరే మూలము. ఏ దేశపు విద్యార్థి ఆ పేరు పలికినను, తెలియకయే ఒక తెలుగు మాట పలికినట్లే.

శాస్త్రనామములు మాత్రము శాశ్వతములని తలపరాదు. మన నల్లతుమ్మ చిరకాలము అకేసియా వంశీయమై యుండెను. ఆ ఇంటిపేరు ఆస్ట్రేలియా తుమ్మలకే చెందవలెనని 2005లో వియన్నా నగరమున జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ నిర్ణయింపగా, మన తుమ్మకు వాషెల్లియా అను క్రొత్త ఇంటిపేరు సంక్రమించినది. పండితుల సభలో ఇంత జరిగినను, గొర్రెలకు కాయలు రాల్చు కాపరికి అది నేటికిని తుమ్మయే.

నీటిని బట్టి తెగలు

పండితుడు పూవును బట్టి, నేటి శాస్త్రజ్ఞుడు జన్యుపదార్థమును బట్టి మొక్కలను విభజించును. మెట్టరైతు మాత్రము నీటిని బట్టి విభజించును. అతని మొదటి ప్రశ్న ఒక్కటే: వాన నిలిచిన తరువాత ఈ మొక్క ఎన్నాళ్లు నిలుచును?

ఈ ప్రశ్నకు కారణము నేలలోను ఆకాశములోను ఉన్నది. జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి భూములు వాననీటిని త్రాగి నెలల తరబడి కడుపులో దాచుకొనగలవు. అందువలన అచట వానలు వెనుకబట్టిన పిదప కూడ శనగ, జొన్న ఆ దాచిన తేమతోనే పండును. రాయచోటి ప్రాంతపు ఎర్ర గరపనేలలకు ఆ గుణము లేదు. మన్ను లోతు తక్కువ, అడుగున రాయి. వాన కురిసిన నాడు త్రాగినది కొన్నిదినములకే ఆవిరియగును. పూర్వపు కడప జిల్లాకు ఏడాదికి కురియు వాన సగటున 700 మిల్లీమీటర్లకు అటునిటు. నైఋతి ఋతుపవనము పడమటి కనుమలలో తడి దింపుకొని, చిక్కిన మబ్బులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చును. రానిచో రాదు, వచ్చినచో ఒక్కపెట్టున వచ్చును. 2021 నవంబరు 19న చెయ్యేటి వరద అన్నమయ్య జలాశయపు కట్టను తెంచి ఊళ్లను ముంచిన దుర్ఘటన ఈ కరవుసీమలోనే జరిగినది.

కావున ఇచట మొక్క యొక్క యోగ్యత అది నీటిని వ్యయపరచు విధమును బట్టియే నిర్ణయమగును. ఆకుల అడుగున కంటికి కానరాని రంధ్రములు కలవు. ఆ రంధ్రములు తెరచినపుడే మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొని ఆహారము వండుకొనగలదు. కాని తలుపు తెరచినపుడెల్ల ఇంటిలోని నీరు ఆవిరియై బయటికి పోవును. ఆకలి తీరవలెనన్న దాహము తప్పదు. ఈ చిక్కును మొక్కలు మూడు విధములుగా పరిష్కరించుకొనినవి.

వరి, వేరుశనగ, కంది, మామిడి మొదలగునవి పగలు తలుపు తెరచి సాధారణ పద్ధతిని వండుకొనును. కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఆరిక, సామ మొదలగు తృణజాతి ధాన్యములు బొగ్గుపులుసు వాయువును ముందుగా ఒకచోట చేర్చి, చిక్కబరచి, పిదప వంటకు ఉపయోగించును. అందువలన తలుపును కొద్దిగా తెరచినను వాటి పని జరుగును. తక్కువ నీటితో ఎక్కువ పదార్థము తయారగును. మూడవ తెగ జెముళ్లు, కలబంద, కిత్తనార. ఇవి పగలంతయు తలుపులు బిగించుకొని, రాత్రి చల్లబడిన తరువాత మాత్రమే తెరచి, అప్పుడు తీసికొనిన వాయువును పులుసు రూపమున దాచి, మరునాటి ఎండలో వంట చేసికొనును. గట్టుపైనున్న జెముడుకొమ్మ ఎంతటి ఎండలోనైనను పచ్చగానుండుటలోని రహస్యమిదియే.

రూపసామ్యమును చూచి బంధుత్వము నిర్ణయింపరాదను పాఠము కూడ ఈ గట్టుమీదనే కలదు. బొమ్మజెముడును నాగజెముడును చూచుటకు ఒకే తీరుగా ముళ్లతో, దళసరి కండతో ఉండును. పేరులోను జెముడు సమానము. కాని బొమ్మజెముడును గిల్లినచో తెల్లని పాలు కారును. అది మన దేశపు మొక్కయే, ఆముదముతోడి కుటుంబము. నాగజెముడును గిల్లినచో పాలు రావు, జిగురు వచ్చును. అది అమెరికా ఖండము నుండి వచ్చిన వేరొక కుటుంబపు మొక్క. సముద్రములకు ఇరువైపుల వేర్వేరు వంశములు ఒకే కరవు నెదుర్కొనుటకు ఒకే రూపము దాల్చినవి.

మూడు పైరులు

ఈ వివరమంతయు చేనిలో ఎట్లు పనికివచ్చునో మూడు పైరులను చూచిన తెలియును.

వేరుశనగను రాయలసీమలో చెనక్కాయ యనియు, బుడ్డలనియు అందురు. వేరుశనగ అను పేరు ఒక భ్రాంతి వలన వచ్చినది. కాయ వేరునకు కాయదు. పచ్చని పూవు నేలపైననే పూయును. ఫలదీకరణము జరిగిన పిమ్మట పూవు అడుగుభాగము సన్నని కాడగా సాగి, క్రిందికి వంగి, మట్టిలోనికి దిగును. రైతులు దీనిని ఊడ అందురు. ఊడ కొన మట్టిలో చీకటిని చేరిన తరువాతనే కాయగా ఊరును. కనుక ఊడలు దిగు దినములలో వాన లేక నేల పైపొర పిడచకట్టినచో, మొక్క ఏపుగా ఉండి పూవులు నిండుగా పూచినను కాయ కట్టదు. గుల్లనేల కావలెననుటకును, పూతదశలో ఎకరమునకు 200 కిలోల జిప్సము వేసి మట్టి ఎగద్రోయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుటకును కారణమిదియే. కాయ తనకు కావలసిన సున్నపు ధాతువును వేరు ద్వారా గాక, చుట్టునున్న మట్టి నుండి నేరుగా గ్రహించును.

కొర్ర స్వభావము వేరు. మంచి పదునులో విత్తినచో 80, 90 దినములలో వెన్ను వంచును. పదును అనగా మట్టి పిడికిట పట్టి పిసికిన ఉండకట్టవలెను, వ్రేలు తాకించిన విరిగిపోవలెను. ఆ తడి ఉన్నపుడే గొర్రు కట్టుదురు. కొర్రకు ఎరువు తక్కువ, చీడ తక్కువ. పొట్టుతో నిలువచేసిన గింజ ఏండ్లతరబడి చెడదు. మరియొక భేదము రైతు బ్రతుకునకు మిక్కిలి ముఖ్యమైనది. ఎకరము కొర్రకు విత్తనము 2 కిలోలు చాలును. ఎకరము వేరుశనగకు 60 కిలోలకు తక్కువ గాకుండ విత్తనపు గింజలు కావలెను. వాన మొగము చాటుచేసినపుడు కొర్రరైతు పోగొట్టుకొనునది దోసెడు గింజలు; వేరుశనగ రైతు పోగొట్టుకొనునది అప్పుతెచ్చిన బస్తాలు.

మూడవది కంది. ఇది భారతదేశమే పుట్టినిల్లయిన పైరు. వేరు నిలువుగా మీటరునకు పైగా దిగును. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మట్టిలో చేర్చును. ఎర్రనేలలలో భాస్వరము ఇనుముతో బిగిసికొని ఇతర పైరులకు అందదు. కందివేరు పిసిడిక్ ఆమ్లమను ఒక పదార్థమును స్రవించి ఆ బిగింపును సడలించునని హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థలో జరిగిన పరిశోధన 1990లో వెల్లడించినది. తాను తినగా మిగిలినది తరువాతి పైరునకు అందును. కంది వేసిన చేను మరుసటి యేడు బాగుండునని రైతు చెప్పెడి మాటకు ఇట్లు ఒక శాస్త్రీయ కారణము దొరకినది.

ఏడు సాళ్లు వేరుశనగకు ఒక సాలు కంది, లేదా పదకొండు సాళ్లకు ఒక సాలు వేయు పద్ధతి ఇచట కలదు. దీని నేర్పు ఋతువులను గమనించిన బోధపడును. వేరుశనగ నైఋతి వానలతో పెరిగి నాలుగు మాసములలోపల చేను విడిచిపోవును. కంది అప్పటివరకు ఒదిగియుండి, వేరుశనగ పెరికిన తరువాత కొమ్మలు చాచి, ఈశాన్యపు వానలతో పూచి కాయును. ఒక వాన మోసగించినను మరియొక వాన ఆదుకొనునను ఆశ ఈ సాళ్లలో ఉన్నది. ప్రాచీనులు కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ, అలసంద, ఆముదములను కూడ ఈ విధముగనే కలిపి వేసెడివారు. ఇరువురకు ఒకే వేరు, ఒకే వేళ ఆకలి లేనివాటిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుటయే మిశ్రమసేద్యపు మర్మము. ఇదియు ఒక వర్గీకరణమే.

20వ శతాబ్ది ఉత్తరార్ధమున నూనెగింజలకు ధర పలుకగా రాయలసీమ మెట్టలు క్రమముగా వేరుశనగమయమైనవి. నగదు చేతికి వచ్చినది; పిల్లల చదువులు, ఆడపిల్లల పెండ్లిండ్లు దానివలన జరిగినవి. కనుక రైతును తప్పుపట్టుట న్యాయము కాదు. కాని కొర్రసాలు తొలగినపుడు ఇంటిలో తిండిగింజయు, దొడ్డిలో మేతయు తొలగినవి. ఊరంతయు ఒకే పైరుపై ఆధారపడినపుడు ఊడలు దిగు వేళ మూడు వారములు వాన లేకపోవుట ఊరంతటికి ఒకేసారి వచ్చు ఆపద. ఈ సీమ ఈ పాఠమును ఇంతకు పూర్వమొకసారి చదివియున్నది. 19వ శతాబ్దిలో కడప ప్రాంతమున నీలిమొక్క విస్తారముగా సాగయ్యెడిది. విదేశీ విపణులలో ఆ నీలికి కర్పా అను వ్యవహారము. అది కడప పేరునకు అపభ్రంశము. 1897లో జర్మను కర్మాగారము కృత్రిమమైన నీలిని అమ్మకమునకు తెచ్చిన తరువాత ఆ పంట క్రమముగా అంతరించినది. నేడు కడప జిల్లా బాలునకు నీలి అనగా బట్టలకు పెట్టు పొడియే గాని, మొక్క అని తెలియదు.

ఇంటివారు, అతిథులు

పుట్టినింటిని బట్టి చేయు విభాగము విద్యార్థులకు వినోదము కలిగించును. రాయచోటిలో ఒక ఇంటి భోజనపు విస్తరిని పరిశీలింపుడు. సంగటిలోని రాగి ఆఫ్రికా నుండి వేల సంవత్సరముల క్రిందట వచ్చినది. ఊరుబిండిలోని వేరుశనగ దక్షిణ అమెరికా నుండి, దానిలోని మిరపకాయ మధ్య అమెరికా వైపు నుండి వచ్చినవి. చింతపండు ఆఫ్రికాది, అరబ్బులు దానిని హిందూదేశపు ఖర్జూరమని పిలువగా ఆ పేరే యూరపు భాషలకెక్కినది. కొర్రకు శాస్త్రనామములో ఇటాలికా అని ఉన్నను ఇటలీతో దానికి జన్మసంబంధము లేదు. అది చైనాలో సాగునకు వచ్చిన పైరు. కొండలలో అడవిచెట్టువలె పెరుగు సీతాఫలము సైతము అమెరికా నుండి వచ్చినదే. పేరు మాత్రము రామాయణమును స్మరింపజేయును.

ఇంటివారు ఎవరు? ఉలవ, కంది, పెసర, నువ్వు, సామ, ఆరిక, మామిడి. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతముల నవీన శిలాయుగ స్థావరములను త్రవ్వి బూడిదలోని కాలిన గింజలను పరీక్షించిన పురావస్తు శాస్త్రజ్ఞులు, నాలుగువేల యేండ్లకు పూర్వమే ఇచటి ప్రజలు ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకొని తినిరని నిర్ధారించిరి. అనగా రాయలసీమ మెట్టచేను ప్రపంచమున సేద్యము స్వతంత్రముగా మొలకెత్తిన పొలములలో ఒకటి. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన తరువాత పట్టణపు అంగళ్లలో అండుకొర్రలకు వెల పెరిగినది. ఆ గింజను వేల యేండ్లు కాపాడిన చేనిలో మాత్రము అది అరుదు.

అతిథులందరు చెడ్డవారు కారు. ఆదరించిన అతిథి ఇంటివాడగును. బనగానపల్లె మామిడి ఇంటిబిడ్డకు నిదర్శనము. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బేనీషా రకము, టెంక నాటినచో తల్లిని పోలిన చెట్టును ఈయదు. దాని టెంకలో ఉండునది ఒకే పిండము. అది తల్లిదండ్రులిద్దరి గుణముల కలయిక. అందువలననే తల్లిచెట్టు కొమ్మను వేరొక మొలకపై అంటుకట్టి పెంచుదురు. రాయచోటి, వీరబల్లి ప్రాంతపు తోటలలోని అంటుచెట్లన్నియు ఒక విధముగా ఒకే ప్రాచీనవృక్షము యొక్క కొమ్మలని చెప్పవచ్చును.

కమలాపురపు విత్తనము

ఇక మూడవ ప్రపంచము. బాట వెంట కనిపించు ముళ్లకంపను సర్కారు తుమ్మ అందురు. పేరులో తుమ్మ ఉన్నను అది తుమ్మ కాదు. జమ్మికి దగ్గర చుట్టముగా చిరకాలము ఎంచబడిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా. దీని భారతదేశ చరిత్ర కడప జిల్లాతో ముడివడియున్నది. 1876లో మద్రాసు రాజధాని అటవీశాఖాధికారి కల్నల్ బెడ్డోమ్, వంటచెరకు కొరతగల మెట్టసీమలకు ఈ చెట్టు అనుకూలించునని ప్రభుత్వమునకు వ్రాసెను. జమైకా ద్వీపము నుండి విత్తనములు వచ్చినవి. 1877–78 ప్రాంతమున వాటిని కమలాపురమున నాటిరి. అది రాయలసీమను కబళించిన ధాత కరవు కాలము. చెట్టు నీడయు, కట్టెయు, పశువుల మేతయు కరవైన ఆ దినములలో, నీరు లేకయే పెరుగు చెట్టును కోరుటలో ఆ అధికారి ఉద్దేశము మంచిదే.

చెట్టు తన మాట నిలుపుకొనినది. మేరను మాత్రము పాటింపలేదు. దాని కాయలు తీయగా ఉండును. మేకలు, గొర్రెలు వాటిని తినును. గింజ పశువు కడుపులో అరుగదు. పైపొర మెత్తబడి, పేడతో పాటు ఎరువు సహితముగా క్రొత్తచోట పడి మొలచును. ఆకును మాత్రము మేక ముట్టదు. నరికినచో మొదటినుండి పది కొమ్మలు లేచును. రాలిన ఆకులలోని పదార్థములు క్రింద ఇతర మొలకలను పెరుగనీయవు. చెరువుల పూడికలో, కాలువలలో, పనిలేక వదలిన చేలలో అది రాజ్యమేలుచున్నది. అయినను దానిని శత్రువని ఒక్కమాటతో త్రోసివేయుట తగదు. పంట పోయిన యేడు ఆ కంపను నరికి బొగ్గు కాల్చి అమ్ముకొని పొయ్యి వెలిగించిన బీదకుటుంబములు ఈ సీమలో పెక్కు కలవు.

విచిత్రమేమన, ఆ బెడ్డోమ్ పేరు మరియొక మొక్క కూడ ధరించియున్నది. తిరుపతి, కడప కొండలలో దప్ప ప్రపంచమున వేరెచటను సహజముగా పెరుగని పేరీతకు 1883లో సైకస్ బెడ్డోమీ అను నామము స్థిరమైనది. చూచుటకు ఈతమొక్క వలె ఉండునే గాని ఈతకును దానికిని బంధుత్వము లేదు. అది పూవు పూయని, కాయ కాయని, విత్తనమును కప్పులేక నగ్నముగా మోయు అతిప్రాచీన వంశమునకు చెందినది. ఆ వంశము పూవులు లోకమున పుట్టుటకు పూర్వమే కలదు. మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మందునకై మగ మొక్కల కంకులను కోసికొనిపోయినచో ఆడమొక్కకు విత్తు కట్టు యోగము లేదు. అంతర్జాతీయ వర్తకమును నిషేధించు జాబితాలో దానిని చేర్చిరి. ఒకే మనుష్యుని పేరుతో సంబంధించిన రెండు మొక్కలు: ఒకటి ఎచటను ఆపరానిది, రెండవది ఎచటను దొరకనిది.

ఎర్రచందనపు దశయు అట్టిదే. శేషాచలము, పాలకొండ, లంకమల, వెలిగొండలే దాని స్వస్థానము. సన్నని రాతినేలలో మెల్లగా పెరుగును గనుకనే దాని చేవ అంత గట్టిది, నీట మునుగునంత బరువైనది. చేవ కట్టుటకు దశాబ్దములు కావలెను. గొడ్డలికి ఒక్కరాత్రి చాలును. 1995 నుండి దాని అంతర్జాతీయ వర్తకముపై కట్టుబాట్లున్నను దొంగనరుకుడు ఆగలేదు. చట్టము చేయగల పని చట్టము చేయవలెను. నాటుట మాత్రము ఎవరైనను చేయవచ్చును. ఎండిన కాయల రెక్కలు త్రుంచి, నీట నానబెట్టి, ఇసుక కలిపిన మడిలో పోసి, మొలకలను సంచులకు మార్చి, తొలకరి వానలకు నాటవలెను. నీరు నిలుచు నల్లనేల దానికి పనికిరాదు. ఎర్ర గరపయే మేలు. బడి ఆవరణములోని రాతినేల దానికి చాలును.

బడి పట్టిక

ఉపాధ్యాయులకు దీనికై క్రొత్త పుస్తకములు అక్కరలేదు. తొలకరి తరువాత ఒకనాడు తరగతిని చేనిగట్టునకు కొనిపోయి, ఒక్కొక్క విద్యార్థిచే ఐదు మొక్కల ఆకులను పాత కాగితముల నడుమ ఒత్తి ఎండబెట్టింపవచ్చును. ప్రతి ఆకు ప్రక్కన నాలుగు గడులు గీయవలెను: శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు, పుట్టిన దేశము, నీటిని వాడుకొను విధము, అవ్వ పిలుచు పేరు. మొదటి మూడు గడులు కొన్నాళ్లు ఖాళీగా ఉన్నను కొరత లేదు. గ్రంథాలయములోని పుస్తకము చూచి వాటిని ఎప్పుడైనను నింపవచ్చును. నాలుగవ గడిని మాత్రము అవ్వ ఇంటనున్న నాడే నింపవలెను.